ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరిలో ఆస్తుల స్టేట్‌మెంట్ ఇచ్చే రోజుల్లో, ఎన్నికల కోడ్ పడగానే, ఎవరో ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) చిక్కారని పేపర్లో వచ్చిన మర్నాడు... ఉద్యోగులు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ప్రతిసారీ ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. 2014 తర్వాత తెలంగాణ కూడా వాటినే తీసుకుంది. కేంద్ర ఉద్యోగులకు సీసీఎస్ (కేంద్ర సివిల్ సర్వీసుల) ప్రవర్తనా నియమాలు, 1964. ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్ (అటవీ సర్వీసు) వాళ్లకు 1968 నియమాలు వేరే ఉన్నాయి. వీటిలో అసలు చేయకూడదన్నవి కొన్నే. చెప్పి చేయాల్సినవి, అడిగి చేయాల్సినవే ఎక్కువ. తప్పుడు సంపాదన లేకపోయినా మెమోలు అందుకునేవాళ్లు సాధారణంగా ఈ రెండో రకం దగ్గరే దొరికిపోతారు.

## ఉద్యోగంలో చేరినప్పుడు

నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఈ రూల్స్ నాకూ వర్తిస్తాయా?

చేరిన రోజు నుంచే వర్తిస్తాయి. ఆఫీసు టైమ్ అయిపోయాక, సెలవులో ఉన్నప్పుడు, సస్పెన్షన్‌లో ఉన్నప్పుడు కూడా మీరు ఉద్యోగే. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ఒప్పందంలోని షరతులు ముఖ్యం. అలాగని లంచం కేసు తమకు రాదనుకోవద్దు. అవినీతి నిరోధక చట్టంలో 'పబ్లిక్ సర్వెంట్' నిర్వచనం చాలా విశాలమైనది. పర్మనెంటా, టెంపరరీయా అని అది చూడదు.

చేరగానే ఆస్తుల వివరాలు ఇమ్మన్నారు. నా పేరు మీద ఏమీ లేదు. ఏం రాయాలి?

'నిల్' అని రాసే ముందు ఒకసారి ఇంట్లో కూర్చుని లెక్క వేయండి. అమ్మ ఇచ్చిన బంగారం, మీ పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్, తాతగారి పొలంలో మీ వాటా, చదువు కోసం తీసుకున్న బ్యాంకు అప్పు, అన్నీ రాయండి. ఎప్పుడైనా ఆదాయానికి మించిన ఆస్తుల కేసు వస్తే, దర్యాప్తు అధికారులు ఒక కాలవ్యవధి పెట్టుకుని మొదట్లో ఎంత ఉంది, చివరికి ఎంత అయింది అని చూస్తారు. చేరినప్పుడే ఉన్న 20 తులాల బంగారం ఆ రోజు కాగితంలో లేకపోతే, పదిహేనేళ్ల తర్వాత అది అప్పటికే ఉందని నిరూపించడం మీ వల్ల కాదు.

ఉద్యోగం రాగానే పెళ్లి కుదిరింది. అత్తవారు ఇష్టంగానే ఇస్తున్నారు, అది కూడా కట్నమేనా?

'ఇష్టంగా' అన్న మాట అందరూ వాడేదే. సర్కారు ఉద్యోగం వచ్చిన వారానికే పెళ్లి సంబంధాల్లో రేటు ఎలా పెరుగుతుందో మనకు తెలియనిది కాదు. 1961 వరకట్న నిషేధ చట్టం అందరికీ ఉంది. ప్రవర్తనా నియమాలు దానికి తోడు ఉద్యోగిని విడిగా కట్టడి చేస్తాయి: కట్నం ఇవ్వకూడదు, తీసుకోకూడదు, అడగకూడదు, ఇవ్వడానికి పురిగొల్పకూడదు. పోలీసు కేసు లేకపోయినా శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు. పెళ్లిలో బంధువులు చదివించిన మామూలు కానుకల జాబితా రాసి, ఇద్దరూ సంతకాలు చేసి దాచుకోండి.

## ఇల్లు, స్థలం, బంగారం

ఏటా ఆస్తుల స్టేట్‌మెంట్ ఎప్పటిలోగా ఇవ్వాలి?

రాష్ట్ర ఉద్యోగులు డిసెంబరు 31 నాటికి ఉన్న ఆస్తుల వివరాలను జనవరి 15లోగా ఇవ్వాలి. చివరి శ్రేణి ఉద్యోగులకు మినహాయింపు ఉంది. కేంద్రంలో గ్రూప్ ఏ, బీ ఉద్యోగులకు జనవరి 31 గడువు. నిరుటి కాగితానికి తేదీ మార్చి ఇచ్చేయడం చాలా ఆఫీసుల్లో అలవాటు. మధ్యలో అమ్మేసిన స్థలం కూడా అలాగే ఏళ్ల తరబడి మీ పేరున ఉండిపోతుంది. ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి.

ప్లాట్ నా భార్య పేరు మీద కొంటున్నాం. అప్పుడు కూడా చెప్పాలా?

చెప్పాలి. రాష్ట్ర నిబంధనల్లో స్థిరాస్తి కొనుగోలు, అమ్మకం, మార్పిడి, దానం అన్నీ ఉద్యోగి చేసినా, కుటుంబ సభ్యులతో చేయించినా ముందస్తు సమాచారం పరిధిలోకే వస్తాయి. పేరున్న డీలర్ ద్వారా కాకుండా విడిగా జరిగే లావాదేవీకైతే సమాచారంతో సరిపోదు, ముందుగా అనుమతే కావాలి. భార్యకు సొంత ఉద్యోగం ఉండి, తన జీతంతో కొంటే ఆ సంగతి అలాగే రాయండి: ఏ బ్యాంకు ఖాతా నుంచి, ఎంత, ఏ తేదీన, మిగతాది ఏ లోన్. రిజిస్ట్రేషన్ అయ్యాక అనుమతి అడిగేవాళ్లే ఎక్కువ. అడ్వాన్స్ ఇచ్చే ముందే దరఖాస్తు పెట్టండి.

కారు, నగలు కొంటే?

కేంద్ర ఉద్యోగులకు లెక్క సులువు: రెండు నెలల మూల వేతనం దాటిన చరాస్తి లావాదేవీని నెలలోగా తెలియజేయాలి. రాష్ట్రాల్లో ఈ పరిమితిని రూపాయల్లో పెట్టి జీవోలతో మారుస్తుంటారు. కాబట్టి కొనేనాటికి అమల్లో ఉన్న జీవోను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చూడండి. పాత కారును తోటి ఉద్యోగికి అమ్మినా అది లావాదేవీయే.

తెలంగాణలో టీచర్ల ఆస్తుల ఉత్తర్వు రద్దు చేశారు కదా. ఇక చెప్పనవసరం లేదా?

టీచర్లు ఆస్తుల వివరాలు ఇవ్వాలని 2022 జూన్‌లో పాఠశాల విద్యాశాఖ ఆ ఉత్తర్వు ఇచ్చింది. గగ్గోలు పుట్టడంతో వెంటనే వెనక్కి తీసుకున్నారు. చాలామంది దీన్ని అపార్థం చేసుకున్నారు. పోయింది ఆ ఒక్క ఉత్తర్వే. 1964 నియమాల్లో ఆస్తుల నిబంధన అంతకు ముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. టీచర్లకే కాదు, అన్ని శాఖల వాళ్లకూ.

నా ఆస్తుల వివరాలు ఎవరైనా ఆర్టీఐలో తీసుకోవచ్చా?

ఉద్యోగి ఆస్తుల వివరాలు, మెమోలు, శిక్షల వివరాలు వ్యక్తిగత సమాచారమేననీ, విస్తృత ప్రజాప్రయోజనం ఉందని చూపితే తప్ప ఇవ్వనక్కర్లేదనీ 2012లో సుప్రీంకోర్టు గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో చెప్పింది. పక్కింటివాళ్ల కుతూహలం ప్రజాప్రయోజనం కాదు. ఐఏఎస్ అధికారుల స్థిరాస్తి వివరాలను మాత్రం కేంద్రమే బయటపెడుతుంది.

ఫోన్లో షేర్లు కొంటుంటాను. తప్పా?

పొదుపు కోసం షేర్లో, మ్యూచువల్ ఫండ్లో కొనుక్కోవచ్చు. మాటిమాటికీ కొని అమ్మడాన్ని నియమాలు స్పెక్యులేషన్‌గా చూస్తాయి, అది నిషిద్ధం. పొద్దున కొని సాయంత్రం అమ్మే ఇంట్రాడే, ఆప్షన్స్ వ్యవహారం ఈ నిషేధం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఆఫీసు వేళల్లో చేస్తే ఇంకో చార్జి కూడా తోడవుతుంది.

## కానుకలు, అప్పులు, లంచాలు

దీపావళికి స్వీట్ బాక్స్ తీసుకోవడం కూడా నేరమేనా?

బాక్స్‌లో ఏముందన్న దాని కంటే ఎవరిచ్చారన్నది ముఖ్యం. మామూలు భోజనం, దారిలో లిఫ్ట్, ఇంటికొస్తే కాఫీ లాంటి మర్యాదలను కేంద్ర నియమాలు కానుకలుగా లెక్కించవు. మీ టేబుల్ మీద ఫైలున్న మనిషి ఇస్తే మాత్రం అరకిలో కాజా అయినా తిప్పి పంపడమే మంచిది. పెళ్లి, గృహప్రవేశం లాంటి వేడుకల్లో దగ్గరి బంధువుల నుంచి, మీ ఆఫీసుతో పనిలేని స్నేహితుల నుంచి ఆచారం ప్రకారం తీసుకోవచ్చు. కేంద్రంలో అలాంటి కానుక విలువ గ్రూప్ ఏకి రూ.25,000, బీకి రూ.15,000, సీకి రూ.7,500 దాటితే తెలియజేయాలి. గృహప్రవేశానికి కాంట్రాక్టరు పంపిన ఫ్రిజ్ ఏ లెక్కలోనూ ఆచారం కాదు.

ఊళ్లో వడ్డీకి ఇవ్వవచ్చా? చీటీలు నడపవచ్చా?

వడ్డీకి అప్పులివ్వడం కుదరదు, చీటీలు నడపడం వ్యాపారం కిందికి వస్తుంది. బ్యాంకు నుంచి, సహకార సంఘం నుంచి లోన్ తీసుకోవచ్చు. బంధువు, స్నేహితుడితో వడ్డీ లేకుండా తాత్కాలికంగా కొద్ది మొత్తం చేబదులు ఇచ్చిపుచ్చుకోవచ్చు. మీ అధికార పరిధిలో ఉన్నవాళ్ల దగ్గర, మీ ఆఫీసులో పని ఉన్నవాళ్ల దగ్గర మాత్రం అప్పు అడగకండి. తిరిగిచ్చినా సరే, ఆ అప్పు ఎందుకు పుట్టిందన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

పని అయ్యాక సంతోషంగా ఇచ్చింది తీసుకున్నా లంచమేనా? నేను అడగలేదు.

లంచమే. జీతానికి మించి, చేయాల్సిన పనికి ప్రతిఫలంగా ఏది తీసుకున్నా అది 'అనుచిత ప్రయోజనం'. డబ్బే కానక్కర్లేదు. అటెండరు చేతికి ఇచ్చినా, డ్రైవర్ ఫోన్‌పేకి కొట్టినా, బయటి డాక్యుమెంట్ రైటర్ దగ్గర పెట్టినా మీకోసం తీసుకున్నట్లే. 2018 సవరణ తర్వాత 7వ సెక్షన్ కింద శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. 'టీ డబ్బులు' అనే పేరుకు చట్టంలో చోటు లేదు.

లంచం తీసుకునేవాళ్లను పట్టుకునే ఏసీబీ ట్రాప్ ఎలా జరుగుతుంది? చేతులు ఎర్రబడటం అంటే ఏమిటి?

ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లను మధ్యవర్తుల (సాక్షుల) ముందు రాసుకుంటారు. ఆ నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి అద్దుతారు. తెల్లటి పొడి, నోటు మీద కంటికి ఆనదు. నోట్లు చేతులు మారాక ఉద్యోగి వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు, నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాల్లో పోసి సీలు వేసి ల్యాబ్‌కు పంపుతారు. చొక్కా జేబు, డ్రాయర్ లోపలి గుడ్డ కూడా అలాగే పరీక్షిస్తారు.

రంగు ఒక్కటే నేరాన్ని నిరూపించదు. లంచం అడిగినట్లు కూడా రుజువు కావాలని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును పట్టుకుని, ఫిర్యాదుదారు కోర్టులో అడ్డం తిరిగితే చాలు, కేసు పోయినట్లేనని చాలామంది ధీమాగా ఉండేవారు. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ ధీమాకు తెర దించింది. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా, ఇతర సాక్ష్యాలు, పరిస్థితుల ఆధారంగా అడిగినట్లు నిరూపించవచ్చని చెప్పింది.

నేను వద్దన్నా టేబుల్ మీద కవరు పెట్టి వెళ్లిపోయాడు. ఏం చేయాలి?

ముట్టుకోకండి. పక్కవాళ్లను పిలిచి చూపించండి. అతన్ని వెనక్కి పిలిపించండి. దొరక్కపోతే వెంటనే పైఅధికారికి రాతపూర్వకంగా, టైమ్ వేసి తెలియజేయండి. సాయంత్రం చూద్దాంలే అని డ్రాయర్‌లో వేయడమే ప్రమాదం.

లంచం ఇచ్చినవాళ్లకు శిక్ష ఉండదా?

2018 నుంచి ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంటుంది. తెలంగాణ ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 14400 నంబరు ప్రారంభించారు.

## పక్క పనులు

సాయంత్రం ట్యూషన్ చెప్పుకోవచ్చా?

టీచరైతే కుదరదు. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రైవేటు ట్యూషన్లను నేరుగా నిషేధించింది. మిగతా శాఖల వాళ్లకూ ముందస్తు అనుమతి లేకుండా జీతానికో, ఫీజుకో బయట పని చేయడం కుదరదు. స్లిప్ టెస్టు ముందు కాలనీ పిల్లలకు ఉచితంగా లెక్కలు చెబితే ఎవరూ అడగరు.

మా ఆవిడకు బట్టల షాపు, ఎల్ఐసీ ఏజెన్సీ ఉన్నాయి. నాకు ఇబ్బందా?

ఆమె చేసుకోవచ్చు, మీరు ఆ సంగతి ఆఫీసుకు తెలియజేయాలి. ఇబ్బంది ఎప్పుడంటే, ఏజెన్సీ ఆమె పేరున ఉండి, పాలసీలు మీరు మీ ఆఫీసులో అమ్ముతున్నప్పుడు. అలాంటి ప్రచారం చేయడమే ఉద్యోగి వ్యాపారం చేసినట్లని నియమాలు అంటాయి. గొలుసుకట్టు స్కీముల్లో కింది ఉద్యోగుల్ని చేర్పించడం ఇంకా దారుణం. సెక్షన్ సూపరింటెండెంట్ అడిగితే జూనియర్ అసిస్టెంట్ కాదనగలడా?

సొంత పొలం చేయించుకోవచ్చా?

వారసత్వంగా వచ్చిన పొలాన్ని కౌలుకు ఇచ్చుకోవచ్చు, ఉద్యోగానికి అడ్డం రాకుండా చేయించుకోవచ్చు. ఆస్తుల స్టేట్‌మెంట్‌లో పొలం, దాని మీద ఆదాయం చూపించండి. ధాన్యం అమ్మిన రసీదులు పారేయకండి. ఆదాయం మీద ప్రశ్న వచ్చినప్పుడు 'పొలం మీద వచ్చింది' అన్న నోటి మాట నిలబడదు.

కథలు రాస్తాను, యూట్యూబ్ చానెల్ పెడదామనుకుంటున్నా. అనుమతి కావాలా?

పూర్తిగా సాహిత్యం, కళ, విజ్ఞాన శాస్త్రానికి సంబంధించిన రచనలకు సాధారణంగా అనుమతి అక్కర్లేదు. మన కథకుల్లో, కవుల్లో ఎంతోమంది ప్రభుత్వ కొలువుల్లో ఉండే రాశారు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలైతే అది ప్రతిఫలమున్న పని అవుతుంది, కాబట్టి ముందే అనుమతి తీసుకోండి. వంటల చానెలైనా సరే. ఆఫీసు ఫైళ్లు, సీటు, యూనిఫాం వీడియోలో కనిపించకూడదు.

## మాట, ఓటు, నిరసన

వాట్సాప్ స్టేటస్‌లో ప్రభుత్వాన్ని విమర్శిస్తే చర్య తీసుకుంటారా?

తీసుకోవచ్చు. ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం నియమాలకు విరుద్ధం. ఫార్వర్డ్ చేశాను, రాసింది నేను కాదు అంటే చెల్లదు. అలాగని ఉద్యోగి నోరు పూర్తిగా కుట్టేసినట్లు కాదు. ఉద్యోగంలో చేరినంత మాత్రాన భావప్రకటన హక్కు పోదని, నియమాలు పెట్టిన హద్దుల్లో అది ఉంటుందని 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు లిపికా పాల్ కేసులో చెప్పింది. డీఏ రాలేదని సంఘం తరఫున వినతిపత్రం ఇవ్వడం వేరు, ముఖ్యమంత్రిని తిడుతూ మీమ్ పెట్టడం వేరు.

మా ఊళ్లో సర్పంచ్ సీటు మహిళలకు వచ్చింది. నా భార్య పోటీ చేయవచ్చా?

ఆమె ఉద్యోగి కాకపోతే చేయవచ్చు. మీరు మాత్రం ప్రచారానికి వెళ్లకూడదు, పోలింగ్ ఏజెంటుగా కూర్చోకూడదు. శాసనసభ, పార్లమెంటు ఎన్నికల్లో ఉద్యోగి అలా ఏజెంటుగా ఉంటే ప్రజాప్రాతినిధ్య చట్టం కింద మూడు నెలల వరకు జైలు పడవచ్చు. కేంద్ర నియమాల ప్రకారం ఒంటి మీద, బండి మీద, ఇంటి మీద ఎన్నికల గుర్తు పెట్టినా పలుకుబడి వాడినట్లే. మరి ఇంటి గోడ మీద ఆమె పోస్టర్? ఎన్నికలయ్యేదాకా వేరే ఇంటి గోడ చూసుకోమనండి. మీ ఓటు మీరు వేసుకోవచ్చు, ఎవరికి వేశారో చెప్పకండి.

సమ్మె హక్కు లేదా? ధర్నా చేయకూడదా?

సంఘం పెట్టుకోవడం, శాంతియుతంగా నిరసన తెలపడం రాజ్యాంగం ఇచ్చిన హక్కులు. ప్రదర్శనలపై గంపగుత్త నిషేధం చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. సమ్మె వేరు. తమిళనాడులో లక్షమందికి పైగా ఉద్యోగులను తొలగించినప్పుడు వచ్చిన రంగరాజన్ కేసులో, 2003లో, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని తేల్చింది. పీఆర్సీ (వేతన సవరణ) మీద 2022 ఫిబ్రవరి 3న జరిగిన చలో విజయవాడ లాంటి కార్యక్రమాలు ఈ రెండింటి మధ్య సందులో నడుస్తాయి. ఆఫీసు వేళల్లో వెళ్లేవాళ్లు సెలవు మంజూరైందో లేదో చూసుకోవాలి. మూకుమ్మడి సీఎల్‌ను (క్యాజువల్ లీవును) సమ్మెగానే చూస్తారు.

## ఆఫీసులో ఇరకాటం

పైఅధికారి నోటితో చెబుతారు, రాసివ్వరు. కాదంటే కోపం. ఏం చేయాలి?

2013లో మాజీ క్యాబినెట్ కార్యదర్శి టీఎస్ఆర్ సుబ్రమణియన్ తదితరులు వేసిన కేసులో, నోటి ఆదేశాల మీద పనిచేయవద్దు, వాటిని రికార్డు చేయాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర నియమాల్లోనూ నోటి ఆదేశానికి రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోవాలని ఉంది. గొడవ పడనక్కర్లేదు. నోట్ ఫైల్లో ఒక వాక్యం చాలు: 'ఈ రోజు ఉదయం చర్చలో తమరు ఆదేశించిన ప్రకారం ప్రతిపాదన సమర్పించడమైనది, ఆమోదించగలరు.' సంతకం పెడితే బాధ్యత పంచుకున్నట్లు. పెట్టకపోతే పని ఆగుతుంది. ఆ పని ఆగాల్సిందే అయి ఉంటుంది.

మా బావమరిది మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేరు మార్పు) ఫైలు నా సీటుకే వచ్చింది.

న్యాయంగానే చేసినా మీరు చేయకూడదు. 'దరఖాస్తుదారు నాకు బంధువు, వేరొకరికి కేటాయించగలరు' అని రాసి పైకి పంపండి. త్వరగా చూడమని కొత్త సీటువాళ్లకు ఫోన్ చేయడం కూడా అదే తప్పు.

ఆఫీసులో లైంగిక వేధింపు జరిగితే ఎవరికి చెప్పాలి?

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి. 2013 చట్టం ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణకు 90 రోజులు గడువు. 'అమ్మా, సర్దుకుపో' అని సలహా ఇచ్చే పెద్దమనుషులు కమిటీ కారు.

## సస్పెన్షన్, విచారణ

సస్పెండ్ చేశారు. ఇక ఉద్యోగం పోయినట్లేనా?

కాదు. సస్పెన్షన్ శిక్ష కాదు. అరెస్టయి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్లే లెక్క. ఆ కాలంలో సగం జీతం సెలవుకు వచ్చేంత జీవనభృతి, దానిమీద డీఏ వస్తాయి. బయట ఉద్యోగం చేయడం లేదని సర్టిఫికెట్ ఇవ్వాలి, అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లకూడదు. అభియోగ పత్రం ఇవ్వకుండా సస్పెన్షన్‌ను మూడు నెలలు దాటించకూడదని 2015లో అజయ్ కుమార్ చౌధరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

చార్జ్ మెమో (అభియోగ పత్రం) వచ్చింది. వెంటనే క్షమాపణ రాసి ఇచ్చేస్తే పోతుందా?

ఆ సలహా ఇచ్చేవాళ్లు ఆఫీసుకొకరు ఉంటారు. క్షమాపణను తప్పు ఒప్పుకోలుగా చదువుతారు. ముందు మెమోలో పేర్కొన్న పత్రాల కాపీలు అడగండి. గడువు లోపల అంశాలవారీగా జవాబు రాయండి. విచారణలో తోటి ఉద్యోగిని సహాయకుడిగా పెట్టుకోవచ్చు. సాక్షులను ప్రశ్నించే అవకాశాన్ని వదులుకోవద్దు. తొలగింపు, డిస్మిస్ లాంటి పెద్ద శిక్షలకు ముందు విచారణ జరగాలని రాజ్యాంగంలోని 311వ అధికరణం హామీ ఇస్తుంది.

## రిటైర్మెంట్ దగ్గర పడ్డాక

మా సార్ రిటైర్ అవుతున్నారు. సన్మానానికి తలా వెయ్యి వసూలు చేయవచ్చా?

సొంత ఇష్టంతో, నిరాడంబరంగా చేసుకునే వీడ్కోలుకు అభ్యంతరం లేదు. ఒత్తిడి చేసి వసూలు చేయకూడదు. పెద్ద అధికారి సన్మానం కోసం గుమాస్తాలు, అటెండర్ల దగ్గర చందా తీసుకోవడాన్ని కేంద్ర నియమాలు పూర్తిగా నిషేధించాయి. జాబితాలో ఎవరి పేరు పక్కన ఎంతో రాసి ఆఫీసంతా తిప్పితే అది ఒత్తిడే. బంగారు ఉంగరాల సంప్రదాయం ఎక్కడి నుంచి వచ్చిందో కానీ నియమాల నుంచి మాత్రం రాలేదు.

రిటైరయ్యాక పాత విషయాలు తవ్వితే పెన్షన్ ఆపుతారా?

రాష్ట్ర పెన్షన్ నిబంధనల్లో 9వ నియమం ప్రకారం విచారణలో తీవ్రమైన తప్పు రుజువైతే పెన్షన్‌ను కొంత కాని, మొత్తం కాని ఆపవచ్చు. రిటైరయ్యాక కొత్తగా శాఖాపరమైన చర్య మొదలుపెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఘటన జరిగి నాలుగేళ్లు దాటి ఉండకూడదు. సర్వీసులో ఉండగానే మొదలైన విచారణ మాత్రం రిటైరైనా కొనసాగుతుంది. అది తేలేదాకా తాత్కాలిక పెన్షన్ ఇస్తారు, గ్రాట్యుటీ ఆపుతారు. రిటైరైన రోజు చార్జ్ అప్పగించిన జాబితా, నో డ్యూస్ సర్టిఫికెట్, ఆస్తుల స్టేట్‌మెంట్ల కాపీలు ఇంటికి తెచ్చుకోండి.